పులిహోర తిన్న చేతికి గ్లోవ్స్

మొన్న ఆదివారం పొద్దున నా ఫోన్‌కి ఒక మెయిల్ వచ్చింది. ఎప్పుడో ఒక జత గ్లోవ్స్ గురించి ఆన్‌లైన్ షాపులో నేను రాసిన అభిప్రాయం కింద ఎవరో ప్రశ్న వేశారట, జవాబు చెప్పగలరా అని. ప్రశ్న చిన్నదే. ‘ఇవి వేసుకుని చలిలో చేపలు పట్టొచ్చా? వేళ్ళు వెచ్చగా ఉంటాయా?’ జవాబు రాద్దామని కూర్చుని, లేచాను. కాఫీ కలుపుకుని, తాగకుండా గరాజ్‌లోకి వెళ్ళాను. అక్కడ ఏం పనో గుర్తురాక మళ్ళీ లోపలికొచ్చాను. “ఒకచోట కూర్చోండి, నేల అరిగిపోతుంది” అంది మా ఆవిడ. అవునని రాస్తే సగం అబద్ధం, కాదని రాస్తే మిగతా సగం. ముక్కూ మొహం తెలియని మనిషికి ఒక్క వాక్యంలో చెప్పడానికి ఆ గ్లోవ్స్ కథ అంత పొట్టిదేమీ కాదు. అందులో మా తోడల్లుడు ఉన్నాడు.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. వరంగల్ అబ్బాయి. మా మరదలూ అతనూ హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేసి పెళ్ళి చేసుకున్నారు. మాకంటే ఆరేళ్ళు ముందే కెనడా వచ్చి బ్రాంప్టన్‌లో స్థిరపడ్డారు. మేము కేంబ్రిడ్జ్‌లో దిగిన తొలి శీతకాలం, “అన్నా, ఇక్కడ చలికాలంల ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది” అని నన్ను గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి తీసుకెళ్ళాడు. మంచుకి డ్రిల్లుతో కంత పెట్టి, అందులోకి గాలం వదిలి, బోర్లించిన బకెట్ల మీద కూర్చోవడం. నాకు ఆ పని వెంటనే నచ్చింది. గోదావరి కాలవల్లో పుట్టి పెరిగినవాణ్ణి, గాలం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాంది చలి ఒక్కటే. మా ఊళ్ళో చేపలు పట్టేటప్పుడు చేతికి ఏదన్నా తొడగాలనే ఆలోచన ఎవరికీ రాదు. అందుకని మా అమ్మాయి ఇచ్చిన నీలం రంగు ఉన్ని గ్లోవ్స్ వేసుకుపోయాను. పది నిమిషాల్లో అవి నీళ్ళు పీల్చి, ఇంకో పది నిమిషాల్లో అప్పడాల్లా బిగుసుకుపోయాయి. అప్పుడు మా తోడల్లుడు, అతని ఆఫీసు స్నేహితులు ఎనిమిది మంది వింటుండగా, “అన్నా, గివేం గ్లోవ్స్? చిన్నపిల్లలు స్కూలుకు ఏసుకపోయేటివి లెక్కున్నయ్. మెడల దారం కూడ కట్టుకోకపోయినవా, పడిపోకుండ?” అన్నాడు. ఎనిమిది మందీ నవ్వారు. అందులో ఒకడు నవ్వలేక దగ్గాడు కూడా.

నేను చాలా విషయాలు మర్చిపోతాను. కారు తాళాలు, పెళ్ళిరోజు, మందులు. కానీ నన్నెవరైనా ఒక మాట అంటే, అన్న రోజు, వాళ్ళు వేసుకున్న చొక్కా, అప్పుడు వీస్తున్న గాలి ఎటునుంచో కూడా గుర్తుంటుంది. ఇది మంచి గుణమని నేను అనను. ఉన్న గుణం. ఆ రోజు అతను పచ్చ జాకెట్ వేసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి అతన్ని ‘మీరు’ అనడం మొదలుపెట్టాను. నేను కోపం వస్తే అరవను, గౌరవిస్తాను. “మీరు టీ తీసుకుంటారా”, “మీ దయ” ఇలా. మా మరదలు ఒకసారి అడిగింది కూడా, “బావగారూ, ఏంటండీ, మా ఆయన్ని అత్తారింటికొచ్చిన కొత్తల్లుణ్ణి పిలిచినట్టు పిలుస్తున్నారు?” అని. నవ్వేసి ఊరుకున్నాను.

ఆ మరుసటి శీతకాలం నడుం నొప్పని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి ఆ ఏడాదంతా గ్లోవ్స్ చదువుకున్నాను. చదువుకోవడమంటే మామూలుగా కాదు. ముందు రబ్బరు పూత వేసినవి కొన్నాను. నీళ్ళు లోపలికి రావు, నిజమే. లోపల పట్టిన చెమట బయటికీ పోదు. గంట గడిచేసరికి చెయ్యి ఉడికించిన వేరుశనక్కాయలా అయ్యేది, ఆ తర్వాత చల్లబడేది. తర్వాత మందపాటి తోలువి. వెచ్చదనం బ్రహ్మాండం, కానీ వాటితో దారం ముడి వెయ్యబోతే దిండుతో సూదికి దారం ఎక్కించినట్టుండేది. వేళ్ళ చివర్లు కత్తిరించినవి కొన్నాను. ఉన్న చలంతా ఆ చివర్లకే కదా వేసేది, అక్కడే బట్ట లేకపోతే మిగతాది ఎవరికి? ఆ కంపెనీకి ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాను. వాళ్ళు ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అది కూడా నాకు గుర్తుంది. ఒక జత మీద ఇంకో జత తొడిగి చూశాను. రెండూ కలిసి బిగుతై, రక్తం ఆడక, ఒక్క జత కంటే అన్యాయంగా చల్లబడ్డాయి. చలికి అసలైన అడ్డు బట్ట కాదు, బట్టకీ చర్మానికీ మధ్య ఉన్న గాలి అని అప్పుడు అర్థమైంది.

ఈ పరీక్షలన్నీ మా బేస్‌మెంట్‌లో పెద్ద ఫ్రీజర్ దగ్గర జరిగేవి. గ్లోవ్ తొడుక్కుని ఆ చేతిని ఫ్రీజర్లో, కొబ్బరికోరు ప్యాకెట్లకీ గోంగూరకీ మధ్య పావుగంట పెట్టి, బయటికి తీసి వెంటనే గాలానికి ముడి వెయ్యడం. మా ఆవిడ మెట్ల మీద నిలబడి చూసి, “మీకు గ్లోవ్స్ కావలసింది చేతులకి కాదు, నోటికి” అనేది. మా అమ్మాయి ఒకసారి వచ్చి, “డాడ్, ఇట్స్ జస్ట్ గ్లోవ్స్” అంది. జస్ట్ గ్లోవ్స్ అట. నా ఉద్యోగం వేళ్ళ మీద నడుస్తుంది. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ నాది. మరలో కోసి వచ్చిన ముక్క అంచు మీద వేలు నడిపితే, కంటికి ఆనని సన్నటి ముల్లు మిగిలిపోయిందో లేదో నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు చెప్పేస్తాయి. యంత్రం తప్పిన ముక్కలు నా వేళ్ళు పట్టుకున్న సందర్భాలున్నాయి. అవి మొద్దుబారితే నాకు ఆ బల్ల దగ్గర పనిలేదు. గ్లోవ్స్ వెతకడంలో పట్టుదల తోడల్లుడి మీదే కావచ్చు, భయం మాత్రం వేళ్ళ గురించే.

చివరికి ఒక పద్ధతి కుదిరింది. చేతికి ముందు పల్చటి లోపలి గ్లోవ్. దాని మీద నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే దళసరి మిట్టెన్, నా కొలత కంటే ఒక సైజు పెద్దది. చలిలో నాలుగు వేళ్ళు కలిసుంటే ఒకదానికొకటి కాపలా కాస్తాయి. ముడి వెయ్యవలసినప్పుడు మిట్టెన్ ఒక్కటే తీసి, పని కాగానే మళ్ళీ తొడుక్కోవడం. ఒక్క షరతు, చెయ్యి తడవకూడదు. తడిస్తే ఈ పద్ధతంతా దండగ. బకెట్లో ఎరకి వాడే చిన్న చేపలుంటాయి కదా, వాటిని పట్టుకోవడానికి నీళ్ళలో చెయ్యి పెట్టకుండా మా ఆవిడ టీ వడగట్టే జల్లెడ పట్టుకుపోయాను. దాని గురించి ఆవిడ దగ్గర కూడా నా నేరాల జాబితా ఒకటి ఉంది, అది వేరే కథ.

ఆ పై చలికాలం, ఫిబ్రవరిలో ఒక శనివారం. మా తోడల్లుడూ, అతని ఆఫీసు స్నేహితుడొకడూ, నేనూ. ఒడ్డునుంచి అర కిలోమీటరు మంచు మీద నడిచి వెళ్ళాం. అటూ ఇటూ తెల్లదనం, మధ్యలో మేము ముగ్గురం. గాలి జాకెట్ జిప్పు పళ్ళ సందుల్లోంచి కూడా దారి వెతుక్కుంటోంది. రెండు గంటలు గడిచాక వాళ్ళిద్దరూ చేతులు చంకల్లో పెట్టుకుని గెంతుతున్నారు. నేను బకెట్ మీద కూర్చుని ముడులు వేస్తున్నాను. మా తోడల్లుడు నారింజరంగు రబ్బరు గ్లోవ్స్ వేసుకున్నాడు, చేపల మార్కెట్లో పనివాళ్ళు వేసుకునేవి, లోపల బొచ్చు గుడ్డ ఉన్నవి. నేను ఆ రకం మొదటి నెలలోనే వద్దని పక్కనపెట్టాను. అదే అతనికి చెప్పాను, కొంచెం వివరంగా. “మీరు వాడుతున్నదాంట్లో చెమట పోయే దారి లేదు. నెమ్మది మీద మీకే తెలుస్తుంది” అన్నాను. “సరే అన్నా” అన్నాడు. అంతే. ఎనిమిది మంది లేకపోయారే అనిపించింది.

మధ్యాహ్నం చిన్న గుడారం వేసుకుని అందులో భోజనానికి కూర్చున్నాం. మా మరదలు పులిహోర, పెరుగన్నం పంపింది. డబ్బా మూత తియ్యగానే ఇంగువ, వేయించిన పల్లీల వాసన, ఆ మంచు మధ్యలో! వాళ్ళిద్దరూ చెంచాలు తీశారు.

“అన్నా, స్పూనుంది, తీస్కో.”

“పులిహోర స్పూన్‌తో తింటే జ్వరమొచ్చినవాడి పథ్యంలా ఉంటుంది. మీరు తినండి.”

మిట్టెన్ తీశాను. లోపలి గ్లోవ్ తీశాను. చేత్తో తిన్నాను. పచ్చిమిరపకాయ కొరికి, పెరుగన్నం కలుపుకుని, డబ్బా అంచు కూడా తుడిచి తిన్నాను. ఆ తర్వాత ఏం చెయ్యాలి? పసుపూ నూనే అంటిన ఎంగిలి చేతిని, ఏడాదిన్నర కష్టపడి ఎంచుకున్న గ్లోవ్‌లో పెట్టుకుంటామా? మా ఇంట్లో ఎంగిలి చేత్తో మంచినీళ్ళ చెంబు ముట్టుకున్నా మా అమ్మ ఊరుకునేది కాదు. గుడారం బయటికి వెళ్ళి, ఫ్లాస్కులో మిగిలిన గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, శుభ్రంగా మణికట్టు దాకా చెయ్యి కడుక్కున్నాను. తుండుగుడ్డ కోసం ఎడమచెయ్యి సంచిలో పెట్టాను. సరిగ్గా అప్పుడే నా కంత దగ్గర జెండా లేచింది. చేప ఎర పట్టుకుంటే దానంతట అదే లేచే చిన్న ఎర్ర జెండా.

పరిగెత్తాను. దారం చేత్తోనే లాగాలి. పెద్ద చేప, అటు ఇటు పీకుతోంది. దారంతోపాటు నీళ్ళు కూడా చేతి మీదుగా పైకొస్తున్నాయి. పది నిమిషాలు పట్టింది. మోచెయ్యంత పైక్ చేప. వాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు. ఆ తడిచేతిని అలాగే లోపలి గ్లోవ్‌లో దూర్చి, పైన మిట్టెన్ బిగించాను. కాసేపు భరించలేనంత మంట. తర్వాత మంట తగ్గింది. ఇంకాసేపటికి పూర్తిగా పోయింది. ఆహా, మిట్టెన్ తన పని మొదలుపెట్టింది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మా తోడల్లుడు నన్నే చూస్తున్నాడు. “అన్నా, ఏదీ, చెయ్యి సూపియ్యి.”

“బాగానే ఉంది.”

“తడిది పెట్టినవ్ గద లోపల. ఇగో, నాయి ఏస్కో, ఎచ్చగున్నయ్.” తన నారింజరంగు గ్లోవ్ ఒకటి లాగి నా ముందు పట్టుకున్నాడు. దాని మూతిలోంచి ఆవిరి వస్తోంది, ఇప్పటికీ కనిపిస్తుంది నాకు.

“మీది మీరే ఉంచుకోండి” అన్నాను.

అతను కొంచెంసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ తొడుక్కున్నాడు. గంట గడిచింది. గాలానికి కొత్త ఎర గుచ్చుదామని గ్లోవ్స్ తీశాను. లోపలిది విరిచినట్టుగా ఊడొచ్చింది. మూడు వేళ్ళు మైనంలా, పసుపు తెలుపు మధ్య రంగులో ఉన్నాయి. గాలం జారింది. చూస్తే మధ్యవేలి చివర దిగబడి ఉంది. నెప్పి లేదు. రక్తం లేదు. అది నా వేలు కాదు, ఎవరో అక్కడ మర్చిపోయిన వస్తువు అనిపించింది. నేను పిలిచానో, పిలవలేదో, మా తోడల్లుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

అతని స్నేహితుడు కారు నడిపాడు. వెనక సీట్లో మేమిద్దరం. “రుద్దు, గట్టిగా రుద్దు” అన్నాను. “రుద్దొద్దంట అన్నా, తోలు ఊడొస్తది” అని, తన జాకెట్ జిప్పు విప్పి, స్వెట్టర్ ఎత్తి, నా చేతిని తన చంకలో పెట్టుకుని, పైనుంచి మోచెయ్యి బిగించాడు. ఒక్కసారి వణికాడు. అతని ఒంటికి నా చెయ్యి ఎలా తగిలిందో నాకు తెలియదు, నా చేతికి మాత్రం అతని ఒళ్ళు తగలనే లేదు. ముప్పావుగంట ప్రయాణం. ఇద్దరు మధ్యవయసు మగవాళ్ళు, ఒకడి చంకలో ఇంకొకడి చెయ్యి, ముందు సీటు వెనకభాగం చూస్తూ కూర్చోవడం. కిటికీ పక్క ట్రక్కులు దాటిపోతున్నాయి. కదలకుండా కూర్చోవడం నాకు చేతకాదు, కానీ ఆ రోజు కదిలితే చెయ్యి బయటికొస్తుంది.

“ఇచ్చినప్పుడే ఏస్కుంటే అయిపోతుండె గద అన్నా” అన్నాడు కొంతసేపటికి.

అప్పుడు నాలోంచి వచ్చేసింది. “స్కూలు పిల్లల గ్లోవ్స్ అన్నావు. మెడలో దారం కట్టుకోమన్నావు. ఎనిమిది మంది ముందు. రెండేళ్ళయింది. పచ్చ జాకెట్ వేసుకున్నావు.”

అతను నా వైపు తిరిగాడు. “నేనా? ఎప్పుడన్నా?”

వెతుకుతున్నాడు. నిజంగానే వెతుకుతున్నాడు, కనుబొమలు ముడిపడ్డాయి. దొరకలేదు. ముందు సీట్లో అతని స్నేహితుణ్ణి అడిగాడు, “నేనన్ననారా గట్ల?” ఆ స్నేహితుడు అద్దంలోంచి చూసి, “ఏమో, యాదికి లేదు” అన్నాడు. ఆ రోజు నవ్వలేక దగ్గినవాడు అతనే. నాకు అంతకంటే పెద్ద అవమానం ఇంకోటి జరగలేదు. రెండేళ్ళపాటు నేను పగలూ రాత్రీ మోసిన మాట, అన్నవాడి దగ్గరా లేదు, విన్నవాడి దగ్గరా లేదు. ఈ భూమ్మీద దానికి నేనొక్కణ్ణే దిక్కు.

“అని ఉంటా అన్నా. నా నోరు గట్లనే ఉంటది” అన్నాడు, మోచెయ్యి ఇంకొంచెం బిగించి.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ వేళ్ళు చూసి, మూడు వారాలు ఆగితేగాని ఏది మిగులుతుందో ఏది పోతుందో చెప్పలేనంది. మూడు వారాలు ఇంట్లో నేను నడిచిన దూరం ఎవరైనా కొలిస్తే బ్రాంప్టన్ వెళ్ళి వచ్చి ఉంటాను. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి పెట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి. వేళ్ళు పొక్కి, నల్లబడి, పొరలు ఊడాయి. ఫ్యాక్టరీలో నా బల్ల దగ్గర వేరే అతన్ని కూర్చోబెట్టారని తెలిసింది. ఆ కోపంలో ఆన్‌లైన్ షాపులో మిట్టెన్‌కి రెండే స్టార్లు ఇచ్చి అభిప్రాయం రాశాను, ఎడమచేత్తో టైప్ చేసి. మిట్టెన్ తప్పేమీ లేదని నాకు అప్పుడూ తెలుసు.

మా తోడల్లుడు ప్రతి శనివారం వచ్చేవాడు. కట్టు విప్పాక వచ్చిన మొదటి శనివారం, నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. మా ఆవిడ పోపుల డబ్బా, పప్పుల డబ్బాలు ముందు పెట్టుకున్నాడు. చూపుడువేలి చివర ఏదో పెట్టాడు.

“చెప్పు అన్నా, ఏంది?”

“కందిపప్పు.”

“బొటనవేలు ఆనిచ్చినవ్. దొంగాట. మల్లా.”

మళ్ళీ పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు, ఉలుకూ పలుకూ లేదు, తర్వాత ఎక్కడో లోపల, గోడ అవతలనుంచి తట్టినట్టు, చిన్నగా, గుండ్రంగా ఒకటి. “ఆవగింజ” అన్నాను. వంటింట్లో మా ఆవిడ గరిటె చప్పుడు ఆగిపోయింది.

“ఒప్పు” అన్నాడు. “ఇప్పుడు నడుమేలు.”

మధ్యవేలి మీద మనసంతా పెట్టాను. సన్నగా, పొడుగ్గా తగిలినట్టే ఉంది. “బియ్యం గింజ” అన్నాను ధైర్యంగా.

కళ్ళు తెరిచాను. అతని చెయ్యి ఇంకా డబ్బాలోనే ఉంది. “ఇంకా ఏం పెట్టలే అన్నా” అన్నాడు మెల్లగా.

చూపుడువేలు, ఉంగరపువేలు తిరిగొచ్చాయి. మధ్యవేలు ఉంది గాని, దాని చివర ఎవరూ లేరు. నాలుగు నెలలు నన్ను కాగితాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, తర్వాత చూపుడువేలితో పరీక్ష పెట్టి, నా పని నాకిచ్చారు. ఇదివరకు రెండు వేళ్ళు చేసిన పని ఒకటే చేస్తుంది, సాయంత్రానికి అలిసిపోతుంది. ఆ నాలుగు నెలలూ ఎవరెవరు ఏమన్నారో కూడా నాకు గుర్తుంది, కానీ అది ఇక్కడ రాయను.

ఇప్పటికీ ప్రతి చలికాలం సరస్సు మీదికి వెళ్తాం. నేను చెంచాతో తింటున్నాను. వేళ్ళు వెచ్చగానే ఉంటున్నాయి, ఆ మెయిల్లో అడిగిన మనిషికి అంతవరకు చెప్పొచ్చు. కానీ సన్నదారం మధ్యవేలికి తెలియదు, ముడి నిలవడం లేదు. దాంతో నా గాలానికి కూడా మా తోడల్లుడే ముడి వేస్తాడు. తన నారింజ గ్లోవ్స్ తీసి పళ్ళమధ్య పట్టుకుని, చలికి ఎర్రబడ్డ వేళ్ళతో, కంటికి దగ్గరగా పెట్టుకుని, దారాన్ని ఆరుసార్లు చుట్టి బిగిస్తాడు. అది సరైన ముడి కాదు, అయిదు చుట్లు చాలు, ఎన్నిసార్లు చెప్పినా వినడు. “నువ్వు ఊకో అన్నా” అంటాడు, నోట్లో గ్లోవ్స్‌తోనే. ఈ మధ్య చూపు ఆనక అతనికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతోంది. అయినా నేను దారం లాక్కోను, లేవను, అటూ ఇటూ నడవను. అతని వేళ్ళకేసే చూస్తూ కూర్చుంటాను. నా రోజు మొత్తంలో త్వరగా అయిపోతే బాగుండునని నేను అనుకోని నిమిషం అదొక్కటే.